వాల్వుకు కట్టిన కట్టు

పుత్తూరులో ఆ సందుకు వేరే పేరేదో ఉన్నది గాని, కట్టుల ఓబయ్య ఇంటి సందు అంటేనే ఆటోవాళ్ళకు తెలుస్తుంది. వాకిట చల్లిన కళ్ళాపి ఆరకముందే ఆ ఇంటి ముందు బండ్లు ఆగుతాయి. స్కూటరు మీదినుండి జారినవారు, మామిడికొమ్మ విరిగి క్రింద పడినవారు, ఆటలో మోచేయి విరుచుకొన్న పిల్లలు వరండాలో మూలుగుతూ కూర్చుంటారు. ఓబయ్య స్నానం చేసి, నుదుట నామం దిద్దుకొని, తూర్పుముఖంగా పీట వేసుకొని, వచ్చినవారి అవయవాన్ని పసిబిడ్డను తీసుకొన్నట్లు ఒడిలోకి తీసుకొంటాడు. కుడిచేతి బొటనవ్రేలిని వాపు మీద మెల్లగా నడిపిస్తాడు. ఆ వ్రేలే అతని కన్ను. చర్మం క్రింద, కండ క్రింద, ఎముక ఎక్కడ తెగిందో, తెగిన మొనలు ఏ వైపు చూస్తున్నాయో ఆ వ్రేలికి తెలుస్తుంది. ఆ తరువాత ఒక్క లాగు, ఒక్క కేక. ఆ మీదట కోడిగుడ్డు తెల్లసొన, ఆకుపసరు పట్టించిన నూలుగుడ్డ, వెదురుదబ్బలు.

ఈ పనులన్నిటికంటె ముందు అతనికి ఇంకొక నిత్యకృత్యం ఉంది. లేచీ లేవగానే బాత్‌రూములోకి వెళ్ళి, గోడలోనుండి వెలికి వచ్చిన ఇనుప గొట్టానికి బిగించిన ఇత్తడి వాల్వు మీద వ్రేళ్ళు ఆనించి, కన్నులు మూసుకొని, భార్య మునిరత్నమ్మ నాడి చూస్తాడు.

క్రిందటేడు వానకాలంలో ఆమె అదే బాత్‌రూములో జారిపడి తుంటి విరుచుకొన్నది. అప్పటినుండి మంచం దిగలేదు. మంచం తలాపున ఉన్న గోడలోనే ఆ గొట్టం సాగుతుంది. పడక పట్టిన కొన్నాళ్ళకు ఆమె నాడి మణికట్టును విడిచి, గోడలోకి దిగి, గొట్టం వెంబడి నడచి, వాల్వులో స్థిరపడింది. దీనికి సందులో ఎవరూ వింతపడలేదు. ఆరోగ్యకేంద్రం నర్సు గ్రేసీ వారం వారం వచ్చి, మర్యాదకు ఒకసారి మునిరత్నమ్మ మణికట్టు పట్టుకొని, "బాగుండావా పెద్దమ్మా?" అని పలకరించి, గడియారం చూసుకుంటూ బాత్‌రూములోకి పోయేది. వీథిలో ఎదురైనవారు "ఏం ఓబయ్యా, ఈ పొద్దు వాల్వు ఎట్లుండాది?" అని అడిగేవారు. "ఆడతా ఉండాదప్పా" అని అతడు జవాబు చెప్పి ముందుకు సాగేవాడు.

ఆ వాల్వు మాత్రం పాతది. ఆమె పడకముందే దాని మెడ దగ్గర చెమ్మ ఊరేది. ఆ చెమ్మ జారిన గచ్చు మీదనే ఆమె కాలు జారింది. ఈ ఎండాకాలం వచ్చేసరికి చెమ్మ బొట్టయింది. బొట్టు ధార అయ్యే దారిలో పడింది. కొళాయి విప్పి వాడుకొన్న నీళ్ళతో ఆమెకు ఏమీ తరిగేది కాదు. ఎవరికీ అక్కరలేకుండా కారిపోయిన బొట్టుతోనే తరిగేది. గాజులు ముంజేతినుండి మోచేతి దాకా జారసాగాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట నడుమ నిద్రపోయేది.

"ఇదో," అని ఒకనాడు ఆమె మగణ్ణి పిలిచింది. "ఆ వాల్వు మార్చమని నేను పడకముందు నించీ చెప్తానే ఉండా. గొట్టాల పని చేసే కాశింవలికి ఫోన్ చెయ్యగూడదా?"

"చేస్తాలేమే. ఊరందరివీ బాగుచేసేవోణ్ణి, దీన్ని చెయ్యలేనా?"

"ఊరందరివీ చేస్తావు. తుంటి నొప్పి తగ్గలేదంటే మాత్రం..."

"అతికిన ఎముక అది. నేను కట్టిన కట్టు. ఒళ్ళు బలహీనం, అంతే. మెల్లగా పోతాది."

ఓబయ్య వంశంలో రెండు నియమాలు తాతలనాటినుండి నిలిచి ఉన్నాయి. కోయరాదు అన్నది మొదటిది. కడపటి కట్టు విప్పిన తరువాత ఆ చోటును మళ్ళీ తడిమి చూడరాదు అన్నది రెండవది. కట్టిన చేతికే తన కట్టు మీద అనుమానం పుడితే అతికిన ఎముక కూడా అలుగుతుందని అతని తండ్రి చెప్పేవాడు. మునిరత్నమ్మ పడిన నాడు గ్రేసీ, "తిరుపతికి తీసకపోయి ఎక్స్‌రే అన్నా తీయించు మామా" అన్నందుకు ఓబయ్య కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. అతడే లాగాడు, అతడే కట్టాడు, అతడే విప్పాడు. విప్పిన తరువాత నియమం తప్పక ఆ చోటు మీద ఎన్నడూ వ్రేలు పెట్టలేదు.

కాశింవలికి అతడు ఫోన్ చేయలేదు. మరునాడు ప్రొద్దున వరండాలోని వారినందరినీ పంపించి, తెల్లసొన గిన్నె, గుడ్డపీలికలు, సన్నగా చీల్చిన వెదురుదబ్బలు తీసుకొని బాత్‌రూములోకి వెళ్ళాడు. వాల్వు మెడకు పసరు పట్టించాడు. చుట్టూ దబ్బలు నిలిపి, గుడ్డను మడత మీద మడతగా, ఎక్కడా ముడుత పడకుండా, పసివాని చేతికి కట్టినంత శ్రద్ధగా కట్టాడు. బొట్టు నిలిచిపోయింది. ఆ మధ్యాహ్నం మునిరత్నమ్మ తానే అడిగి పెరుగన్నం తిన్నది. ఓబయ్య తృప్తిగా మీసం దువ్వుకొన్నాడు.

గ్రేసీ వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకొన్నది. "ఇదేంది మామా! ఇంత లావు కట్టు కడితే నేను నాడి యాడ చూసేది?"

"పక్వానికి రాకముందే విప్పగూడదు నర్సమ్మా."

"సరేలే, చెవి పెట్టి ఇంటా." ఆమె వంగి, కట్టుకు చెవి ఆనించి, చాలాసేపు అట్లే ఉండిపోయింది. లేచేటప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు. "లోపల్లోపల కొట్టుకుంటా ఉండాది మామా. గదిలో పెట్టి గడియ వేసినట్టుండాది" అన్నది.

ఆమె మాటే నిజమైంది. బయటికి రాలేని నీరు కట్టులోపల ఉబ్బింది. వెదురు నానింది, తెల్లసొన కుళ్ళి వాసన పట్టింది, దబ్బల సందులనుండి పచ్చటి చిలుముపసరు దిగసాగింది. అదే వరుసలో మునిరత్నమ్మ పాదాలు వాచాయి. పడుకొంటే ఊపిరి అందక, గోడకు దిండు వేసుకొని ఆనుకొని కూర్చుండేది. ఓబయ్య కట్టు విప్పలేదు. దాని మీద ఇంకొక కట్టు కట్టాడు.

గ్రేసీయే కాశింవలిని తీసుకొని వచ్చింది. కాశింవలి ఊళ్ళో గొట్టాల పని చేసేవాడు. ఒకప్పుడు మిద్దె మీదినుండి పడి కాలు విరిగితే ఓబయ్యే కట్టు కట్టాడు; ఆ కాలితోనే ఈనాటికీ నిచ్చెనలెక్కుతున్నాడు. వాల్వును చూసి అతడు నోరు తెరిచాడు.

"ఏందన్నా ఇది? కోడిగుడ్డు పట్టించినావు సరే, ఉప్పూకారం మరిసినావే!"

ఓబయ్య నవ్వలేదు. గోడకు అవతల మునిరత్నమ్మ నవ్వింది. ఆ నవ్వుకు వాల్వు చక్రం గలగలలాడింది. నవ్వు దగ్గుగా మారగానే గొట్టం మొత్తం గోడలో అదిరింది. కాశింవలి ముఖంలో పరిహాసం వెంటనే ఆరిపోయింది. అతడు కట్టు చివర కనిపించే చక్రాన్ని రెండు వ్రేళ్ళతో పట్టి కొద్దిగా త్రిప్పాడు. అది పట్టు లేక ఊరికే తిరిగింది.

"లోపల నీళ్ళాపే గేటు తెగిపోయుండాదన్నా. మూసుకోదు, తెరుసుకోదు. దీన్ని అతికించేది లేదు. తీసి పారేసి కొత్తది పెట్టాల."

"తీసి పారేసేది మా ఇంట్లో లేదప్పా."

"అది మడిసి ఎముకకు గదన్నా నీ సట్టం? ఇది ఇత్తడి."

"ఇది ఇత్తడా?" అని ఓబయ్య అడిగాడు.

కాశింవలి తల వంచుకొన్నాడు. అతని వ్రేళ్ళు ఇంకా చక్రం మీదనే ఉన్నాయి. వాటి క్రింద మునిరత్నమ్మ కొట్టుకొంటూ ఉన్నది.

"మామా," అన్నది గ్రేసీ, మెల్లగా. "ఈ పొద్దో రేపో అదే పగల్తాది. పగిలితే ఏమైతాదో నేను చెప్పాల్నా?"

కట్టులోనుండి పచ్చటి బొట్టు ఒకటి గచ్చు మీద పడింది.

"ఇంకోచోటయితే పైన ట్యాంకు కాడ మూసేసి, గొట్టం ఒట్టి చేసి పని చేస్తాము" అన్నాడు కాశింవలి. "ఈడ అట్ల చేసేదానికి లేదు. నీళ్ళు ఆడతా ఉండంగానే మార్చాల. పాతది ఊడదీసినప్పటి నించి కొత్తది ఎక్కించేదాకా గొట్టం మూతిని ఒకరు బొటనేలితో పట్టుకోవాల. కారిపోగూడదు. ఊరికే అదిమి ఆపేసేది గూడా కాదు, కొట్టుకునేదానికి సందివ్వాల. ఆ పట్టు నాకు రాదన్నా. నీ ఏలికే వస్తాది."

"నా వల్ల కాదప్పా. జారితే?"

గోడ అవతలినుండి జవాబు వచ్చింది. "జారితే జారనీ. చెయ్యండప్పా. నేను పోతే కాశిం తప్పు గాదు, నేనే చెప్పినా అని గ్రేసమ్మ సాచ్చి."

గ్రేసీ లోపలికి వెళ్ళి ఆమె చేయి పట్టుకొని మంచం మీద కూర్చున్నది. ఓబయ్య కట్టును తానే విప్పాడు. నానిన వెదురు చేతిలో బురదలాగా విడిపోయింది. క్రింద వాల్వు మెడ నిలువునా చీలి ఉన్నది.

కాశింవలి కొత్త వాల్వును చక్రం పూర్తిగా విప్పి సిద్ధం చేసుకొన్నాడు. మూసి ఎక్కిస్తే నీటి ఒత్తిడి దానిని తోసివేస్తుంది. అవతలి మూతికి కొళాయిని ముందే బిగించి దానిని కూడా తెరిచి ఉంచాడు. గొట్టం మూతికి ఉన్న తడి మరచుట్ల మీద టేపు నిలవదని జనపనార తీసి పంటికి కరచుకొన్నాడు. పైపు రెంచి వేసి ఒక్క ఊపు ఊపాడు. పాత వాల్వు మూలిగింది. రెండవ ఊపుకు ఊడి వచ్చింది. జలధార వెలువడి ఇద్దరి ఛాతీలనూ తాకింది. గోడ అవతల గ్రేసీ "పెద్దమ్మా! పెద్దమ్మా!" అని కేక వేసింది.

ఓబయ్య బొటనవ్రేలు గొట్టం మూతిని కప్పింది.

మొదట నాడి తగిలింది. తలుపు తట్టే చేయి లాగా అది వ్రేలి కండను లోపలినుండి తట్టింది. అతడు పట్టు కొద్దిగా సడలించి, కొద్దిగా బిగించి, ఆ తట్టుకు చోటిచ్చాడు. గ్రేసీ కేకలు ఆగాయి. ఓబయ్య వ్రేలికి వెనుక, గొట్టం మరల మీద కాశింవలి నారను చుట్టసాగాడు.

అప్పుడు ఆ వ్రేలు తన పని తాను మొదలుపెట్టింది. ఎన్నో ఏండ్లుగా దానికి ఉన్న అలవాటు ఒక్కటే; తాకినది ఏదైనా దాని లోపలికి నడవడం. అది నీటి వెంబడి గొట్టంలోకి నడిచింది, గోడలోకి నడిచింది, మంచం తలాపు దాటి, ఆమె వెన్ను వెంబడి క్రిందికి దిగి, తుంటి దగ్గర నిలిచింది. నియమం అడ్డగించిన చోటికి నీరు దారి చూపింది.

ఎముక అతకలేదు. తెగిన రెండు మొనలు ఏనాడూ ఒకదానినొకటి కలుసుకోలేదు. ఒకటి మరొకదాని మీదికి ఎక్కి, ఆమె ఊపిరి పీల్చినప్పుడెల్లా రాచుకొంటున్నది. ఒరిపిడికి మొనలు నునుపుతేలి ఉన్నాయి. ఆ నునుపు అతనికి తెలుసు. ఎన్నో నెలలు ఓర్చుకొంటే గాని ఎముకకు అంత నునుపు రాదు. ఆమె నొప్పి వ్రేలిలోకి, మణికట్టులోకి, భుజంలోకి ఎగబ్రాకింది. తన ఒడిలో కేక వేసిన వారందరి కేకలూ అతనికి గుర్తున్నాయి. ఈమె ఒక్కనాడు కూడా కేక వేయలేదు. తగ్గలేదు అని మాత్రమే చెప్పింది.

"అన్నా, అయిపోయినాది. నేను ఊ అంటానే తియ్యి." కాశింవలి వాల్వును మూతి ప్రక్కకు తెచ్చి పట్టుకొన్నాడు. "ఊ!"

ఓబయ్య తీశాడు. తెరిచిన వాల్వులోగుండా నీరు దూకుతూ ఉండగానే అది మరల మీద కూర్చున్నది, తిరిగింది, బిగిసింది. కాశింవలి కొళాయి కట్టివేశాడు. మెడ దగ్గర చెమ్మ లేదు. పనివాని అలవాటు కొద్దీ కాశింవలి చేయి చక్రం మీదికి పోయింది. క్రొత్త వాల్వు బిగించిన ప్రతి ఇంటిలోనూ, సరిగా మూసుకొంటుందో లేదో ఒకసారి మూసి చూపించి గాని అతడు కదలడు. ఓబయ్య ఆ చేతిని పట్టుకొన్నాడు.

మూస్తే ఆగేది నీరు ఒక్కటే కాదని కాశింవలికి అప్పుడు గుర్తు వచ్చింది. చక్రాన్ని నిప్పును విడిచినట్లు విడిచాడు. "అల్లా!" అని గచ్చు మీదనే కూర్చుండిపోయాడు.

ఓబయ్య తుడుచుకొని గదిలోకి పోయేసరికి గ్రేసీ మునిరత్నమ్మ తలను ఒడిలో పెట్టుకొని ఉన్నది. మునిరత్నమ్మ ఊపిరి సాఫీగా ఆడుతున్నది. పెదవులు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఆమె కన్నులు తెరిచి అతనివైపు చూసింది.

"నీ ఏలు తగిలింది" అన్నది. "ఆడ్నే. ఇన్నాళ్ళకు."

ఆమె అతని బొటనవ్రేలి వైపు చూసింది.

"తెలిసిందా ఇప్పుడు?"

చెప్పవలసిన మాట నాలుక దాకా వచ్చింది. ఆ మాట చెపితే రేపటినుండి ఈ వాకిట ఏ బండీ ఆగదని అతనికి తోచింది. తండ్రి, తాత, వరండాలో వేసిన పీట, అన్నీ ఆ మాటకు అడ్డంగా వచ్చి కూర్చున్నాయి. అతడు వరండాలోకి వెళ్ళి గుడ్డపీలికలను చుట్టలు చుట్టుకొంటూ సాయంకాలం దాకా కూర్చున్నాడు. బొటనవ్రేలు తెల్లబడి, నీళ్ళలో నానినట్లు ముడుతలు పడి ఉన్నది. ఆరబెట్టినా ఆ ముడుతలు పోలేదు.

తెల్లవారింది. వడమాలపేటనుండి ప్రేమానందం అనే కౌలురైతు కూతురు నిస్సీని ఆటోలో తీసుకొని వచ్చాడు. పిల్ల చింతచెట్టు మీదినుండి పడింది; ముంజేయి వంకర తిరిగి ఉన్నది. ఓబయ్య ఆ చేతిని ఒడిలోకి తీసుకొని వాపు మీద బొటనవ్రేలు పెట్టాడు.

ఏమీ తెలియలేదు. చర్మం వెచ్చగా ఉన్నదో చల్లగా ఉన్నదో కూడా తెలియలేదు. కొయ్యను కొయ్య తాకినట్లున్నది. అతడు వ్రేలిని ఇంకొంచెం క్రిందికి జరిపాడు. మళ్ళీ పైకి జరిపాడు. పిల్ల వెక్కివెక్కి ఏడుస్తున్నది. వరండా అంతా చూస్తున్నది.

"ఏమన్నా, ఇరిగిండాదా?" అని ప్రేమానందం అడిగాడు.

"ఈయప్ప ఏలు ఇంకా నిద్ర లేసినట్టు లేదే" అన్నది గోడకు ఆనుకొని కూర్చున్న ఒక ముసలామె. ఒకరిద్దరు నవ్వారు.

ఓబయ్య పిల్ల చేతిని మెల్లగా తండ్రి చేతిలో పెట్టాడు. "నా ఏలు సచ్చిపోయినాదప్పా" అన్నాడు. "తిరుపతికి తీసకపో. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయిస్తారు. అలివి మించకముందే పో."

నవ్వు నిలిచిపోయింది. "నువ్వేనా అన్నా ఈ మాట చెప్పేది?" అన్నాడు ప్రేమానందం.

అంతలో లోపలినుండి మునిరత్నమ్మ గొంతు వినిపించింది. నిన్నటికంటె స్పష్టంగా, అలసటగా, వాకిట పూలమ్మి పోయేదానిని పిలిచినంత మామూలుగా వినిపించింది.

"ఇదో, ఆ ఆటోలో ఇంకొకరికి చోటుంటాదేమో అడుగు."

ఓబయ్య అడిగాడు. వరండాలోని మగవాళ్ళు ఆమెను దుప్పటితో సహా ఎత్తి వెనుక సీటులో చేర్చారు. ఎత్తేటప్పుడు ఆమె మొదటిసారి కేక వేసింది. ఓబయ్య ఆ కేక అంతా విని, ఆమె తలను తన తొడ మీద పెట్టుకొన్నాడు. ప్రేమానందం నిస్సీని ఎత్తుకొని డ్రైవరు ప్రక్కన ఇరుకున కూర్చున్నాడు. కబురు తెలిసి పరుగెత్తి వచ్చిన కాశింవలి, "నేను ఈడ్నే ఉంటానన్నా. ఎవుర్నీ చక్రం ముట్టనియ్యను" అని బాత్‌రూములోకి పోయి, తిరగవేసిన బకెట్టు మీద కూర్చున్నాడు.

వడమాలపేట దాటిన తరువాత ఆటో ఒక గుంతలో పడి లేచింది. మునిరత్నమ్మ కన్నులు మూసుకొని ఉన్నది. ఓబయ్య ఆమె మణికట్టు పట్టుకొన్నాడు. అక్కడ ఏమీ లేదు, ఉన్నా అతని వ్రేలికి తెలియదు. అతడు ఫోన్ తీసి కాశింవలిని పిలిచాడు.

"ఆడతా ఉండాదా?"

"ఆడతా ఉండాదన్నా. కొంచిం తొందర తొందరగా ఆడతా ఉండాది. ఉండు, వాల్వు కాడ పెడతా, నువ్వే ఇను."

ఓబయ్య విన్నాడు. తరువాత ఫోనును ఆమె చెవికి ఆనించాడు. ఆమె కన్నులు తెరవకుండానే చాలాసేపు వింటూ ఉండిపోయింది.

"ఫోన్ పెట్టేయొద్దని చెప్పు" అన్నది.